సుగతకుమారి గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

మలయాళ కవయిత్రి సుగతకుమారి పేరు ఎక్కడ ఎత్తినా అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి. పుస్తకాల గ్రూపుల్లోనూ అవే, సభ అయ్యాక టీ తాగుతూ నిలబడి మాట్లాడుకునేటప్పుడూ అవే. అందుకే అన్నీ ఒకచోట పెట్టాను. వరసగా చదవక్కర్లేదు, మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లొచ్చు. ఒక్క మాట ముందే చెప్పేస్తాను: మనలో చాలామందికి ఆమె "చెట్ల కోసం పోరాడిన కవయిత్రి"గానే తెలుసు. ఆమె ఎక్కువ ఏళ్లు చాకిరీ చేసింది మాత్రం దిక్కులేని ఆడవాళ్ల కోసం.

## ముందుగా

అసలు సుగతకుమారి ఎవరు? క్లుప్తంగా చెప్పండి.

1934లో పుట్టి 2020లో కన్నుమూసిన మలయాళ కవయిత్రి. సైలెంట్ వ్యాలీ అడవిని ముంచేసే ఆనకట్టకు ఎదురు నిలిచిన రచయితల్లో ముందు వరసలో ఉన్నారు. 1985లో తిరువనంతపురంలో "అభయ" అనే సంస్థ పెట్టి, మానసిక రోగులకు, ఆసరా లేని ఆడవాళ్లకు నీడనిచ్చారు. కేరళ రాష్ట్ర మహిళా కమిషన్‌కు మొట్టమొదటి అధ్యక్షురాలు. సాహిత్య అకాడమీ అవార్డు, పద్మశ్రీ, సరస్వతీ సమ్మాన్ అందుకున్నారు. కేరళలో ఆమెను "టీచర్" అని పిలిచేవాళ్లు చాలామంది. అక్కడ అది గౌరవంగా పిలిచే పిలుపు.

కమలాదాస్, సుగతకుమారి ఒకరేనా?

కాదు. ఇద్దరూ 1934లోనే పుట్టారు, ఇద్దరూ మలయాళీలే, ఇద్దరూ పేరున్న రచయిత్రులే. అందుకే కలిపేస్తుంటారు. కమలాదాస్ ఇంగ్లీషులో కవిత్వం రాశారు, మలయాళంలో మాధవికుట్టి పేరుతో కథలు రాశారు. సుగతకుమారి రాసింది మలయాళంలోనే, ప్రధానంగా కవిత్వమే. కమలాదాస్ తల్లి బాలామణి అమ్మ కూడా పెద్ద కవయిత్రి. ఈ ముగ్గురినీ కలగలిపిన పోస్టులు వాట్సాప్‌లో తిరుగుతూనే ఉంటాయి, నమ్మకండి.

సంఘ సంస్కర్త అంటున్నారు. మన వీరేశలింగం గారి లాగానా?

ఆ అర్థంలో కాదు. వీరేశలింగం పంతులుగారు ఒక ఆచారాన్ని పట్టుకుని దాన్ని మార్చడానికి పోరాడారు. సుగతకుమారి అలా ఏ ఒక్క ఆచారం మీదా ఉద్యమం నడపలేదు. ఎవరూ పట్టించుకోని మనుషులను వెతికి పట్టుకుని, వాళ్లకు అన్నం, మందు, మంచం, వకీలు సమకూర్చడం ఆమె పని. ఆ పని ఆగకుండా ఉండటానికి సంస్థ కట్టారు, ప్రభుత్వాలతో తగువు పెట్టుకున్నారు. పంతులుగారి వితంతు శరణాలయం గుర్తొస్తే మాత్రం ఆ పోలిక కొంతవరకు నిలుస్తుంది.

## పుట్టిల్లు, చదువు, కుటుంబం

ఎక్కడ పుట్టారు? ఏ ఊరు?

1934 జనవరి 22న ఆరన్ముళలో, వాళువేలిల్ అనే పాత తరవాడులో, అంటే అమ్మ తరఫు ఉమ్మడి ఇంట్లో. ఆరన్ముళ ఇప్పుడు పత్తనంతిట్ట జిల్లాలో ఉంది, అప్పట్లో తిరువాంకూరు సంస్థానం. పంబా నది ఒడ్డున ఊరు. పార్థసారథి గుడి, ఓణం రోజుల్లో పాము పడవలు, లోహంతో చేసే ఆరన్ముళ అద్దం, వీటికి ప్రసిద్ధి. గుడిలో ఉన్న దేవుడు కృష్ణుడు. ఆమె కవిత్వంలో కృష్ణుడు అన్నిసార్లు ఎందుకు వస్తాడా అని ఆశ్చర్యపోయేవాళ్లు ఈ ఊరిని గుర్తుపెట్టుకుంటే చాలు. పెరిగిందీ స్థిరపడిందీ మాత్రం తిరువనంతపురంలో.

వాళ్ల నాన్న కూడా కవేనట కదా?

అవును. తండ్రి బోధేశ్వరన్. అసలు పేరు కేశవ పిళ్ళై. గాంధేయవాది, స్వాతంత్ర్య పోరాటంలో పాల్గొన్న మనిషి. "జయ జయ కోమల కేరళ ధరణీ" అనే కేరళ గానం ఆయన రాసిందే. 2014లో కేరళ ప్రభుత్వం దాన్ని రాష్ట్ర సాంస్కృతిక గీతంగా ప్రకటించింది. తల్లి కార్త్యాయని అమ్మ సంస్కృత పండితురాలు, అధ్యాపకురాలు.

అక్క హృదయకుమారి ఇంగ్లీషు ప్రొఫెసర్, మంచి విమర్శకురాలు. చెల్లెలు సుజాతాదేవి కూడా అధ్యాపకురాలు, కవయిత్రి. ముగ్గురు అక్కచెల్లెళ్లూ మలయాళ సాహిత్యంలో పేరు తెచ్చుకున్నవాళ్లే. ఇంట్లో ఒకవైపు ఉద్యమం, ఇంకోవైపు శ్లోకం. ఆ పిల్లలు అలా తయారుకావడంలో వింతేముంది!

ఏం చదువుకున్నారు? డాక్టరేట్ ఉందా?

తిరువనంతపురం యూనివర్సిటీ కాలేజీలో తత్వశాస్త్రంలో ఎం.ఏ. చేశారు. 1955లో పూర్తయింది. తర్వాత భారతీయ దర్శనాల్లో మోక్ష భావన మీద మూడేళ్లు పరిశోధన చేశారు కానీ సిద్ధాంత గ్రంథం సమర్పించలేదు.

మొదట్లో మగ పేరుతో ఎందుకు రాశారు?

1957లో ఒక వారపత్రికలో "శ్రీకుమార్" పేరుతో ఆమె కవిత అచ్చయింది. తండ్రి కవి, ఇల్లంతా సాహిత్యమే, అయినా సొంత పేరు పెట్టడానికి జంకు. మన దగ్గర కూడా మొదటి కథో కవితో కలం పేరు చాటున పంపిన ఆడవాళ్లు తక్కువేం కాదు కదా. కొద్దిరోజులకే ఆ పేరు వదిలేశారు. 1961లో మొదటి సంపుటి "ముత్తుచ్చిప్పి" (ముత్యపు చిప్ప) సొంత పేరుతోనే వచ్చింది.

పెళ్లయిందా? పిల్లలు?

భర్త డాక్టర్ కె. వేలాయుధన్ నాయర్, మనస్తత్వ శాస్త్రవేత్త, విద్యావేత్త. 2003లో పోయారు. ఒక కూతురు.

## కవిత్వం

ఒక్క కవితే చదవగలను. ఏది చదవమంటారు?

అందరూ చెట్టు మీద రాసిన కవితే చెబుతారు. నన్నడిగితే "కృష్ణా, నీ ఎన్నె అరియిల్ల" చదవండి. "కృష్ణా, నేనెవరో నీకు తెలియదు" అని అర్థం.

మాట్లాడేది గోకులంలో ఒక మూల మట్టి గుడిసెలో ఉండే గోపిక. ఆమె కడవ చంకన పెట్టుకుని కృష్ణుడి కోసం యమున ఒడ్డుకు వెళ్లలేదు. చీరలు ఎత్తుకుపోతే చేతులు జోడించి అడిగిన గుంపులో లేదు. వేణువు వినపడగానే పొయ్యి మీద పాలు, ఒళ్లో పిల్లాణ్ణి వదిలేసి పరుగెత్తలేదు. పోతన దశమ స్కంధం చదివినవాళ్లకు ఆ పరుగు కళ్లముందే ఉంటుంది: చేస్తున్న పని చేస్తున్నట్టే వదిలేసి వెళ్లిన గోపికలు. సుగతకుమారి పట్టుకున్నది ఆ రాత్రి వెళ్లకుండా ఉండిపోయిన మనిషిని. ఇంటి చాకిరీలో మునిగిపోయి, మనసులోని మాట మనసులోనే దాచుకుని, ఎవరి కంటా పడని ఆడమనిషిని.

చివర్లో అక్రూరుడి రథం బయల్దేరుతుంది. ఊరంతా ఏడుస్తూ వెంటపడుతుంది. ఈమె గుడిసె దాటి బయటికి రాదు, రాయిలా కూర్చుండిపోతుంది. రథం సరిగ్గా ఆ గుడిసె ముందే ఆగుతుంది. కృష్ణుడు తడి కళ్లతో ఆమె వైపు చూసి నవ్వుతాడు. అప్పుడామె అడిగే ప్రశ్నతో, అంటే "నేను నీకు తెలుసా?" అన్న విస్మయంతో కవిత ముగుస్తుంది. కేరళలో సంప్రదాయ నాట్యవేదికల మీద కూడా దీన్ని అభినయిస్తారు.

"రాత్రిమళ" అంత గొప్పదా? అందులో ఏముంది?

రాత్రిమళ అంటే రాత్రివాన. 1977లో వచ్చిన సంపుటికి ఇదే పేరు. 1978 కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు దీనికే వచ్చింది.

కవితలో రాత్రి కురిసే వాన ఒక పిచ్చి అమ్మాయిలా ఉంటుంది. ఊరికే ఏడుస్తుంది, ఊరికే నవ్వుతుంది, వెక్కుతుంది, ఆపకుండా ఏదో గొణుగుతుంది, పొడుగు జుట్టు విరబోసుకుని ముడుచుకు కూర్చుంటుంది. ఆ వానే ఒకప్పుడు ప్రేమ నిండిన రాత్రులకు సాక్షి. ఇప్పుడు జబ్బు మంచం మీద నిద్రపట్టక, ఏడవడానికి కూడా ఓపిక లేక పడి ఉన్న ఆడమనిషికి తోడు. పాడైపోయిన అవయవాన్నైతే కోసి తీసేయొచ్చు, మరి పాడైపోయిన పాపం ఈ మనసునేం చేయాలి అని ఆ మనిషి అడుగుతుంది. ఆఖరికి వానతో "నేనూ నీలాగే" అంటుంది.

ఈ కవిత రాసేనాటికి అభయ లేదు, పిచ్చాసుపత్రి చూసిందీ లేదు. విరబోసుకున్న జుట్టుతో గొణిగే ఆ అమ్మాయి అప్పటికే ఆమె కవిత్వంలో ఉంది. ఈ సంగతి మీద ఎవరైనా పెద్ద వ్యాసం రాస్తే బావుండు.

ఎప్పుడూ ఏడుపేనా? చదివితే దిగులేస్తుందంటారు.

దిగులున్న మాట నిజమే. "పావం మానవహృదయం" అనే సంపుటి పేరు చూడండి. పావం అంటే మనం జాలిగా అనే "పాపం". ఒక్క అక్షరం తేడా తప్ప మన తెలుగులోనే ఉన్నట్టుంది. ఆ పేరే ఆమె ధోరణి చెప్పేస్తుంది. కానీ ఆ దుఃఖంలో జాలి ఎక్కువ, ఏడుపుగొట్టుతనం తక్కువ. "ఒరు పాట్టు పిన్నెయుం" (మరొక్క పాట) అనే కవితలో రెక్క విరిగిన పక్షి పాడుతూనే ఉంటుంది. అలాగని అన్ని కవితలూ ఒకే ఎత్తులో ఉంటాయని అనను. ఉద్యమం వేడిలో రాసిన కొన్ని పద్యాలు ఇప్పుడు చదివితే ఉపన్యాసంలా తోస్తాయి.

ఆమె భక్తి కవయిత్రా? ఎక్కడ చూసినా కృష్ణుడు, రాధ, కాళియుడు...

పాత్రలు పురాణాలవి, బాధలు ఇంటి పక్కవి. రాధ అయినా గోపిక అయినా ఎదురుచూసి, నలిగి, నోరు విప్పని ఆడమనిషిగానే ఎక్కువసార్లు కనిపిస్తుంది. భక్తి లేదని కాదు, ఉంది. పూజగదిలో చదువుకునే కవిత్వం మాత్రం కాదు.

ఛందస్సులో రాశారా, వచన కవితా?

ఎక్కువగా లయ ఉన్న, పాడుకోదగ్గ కవిత్వం. ఆమె రాయడం మొదలుపెట్టిన కొద్ది ఏళ్లకే మలయాళంలో ఆధునికత ఉప్పెనలా వచ్చింది, అయ్యప్ప పణిక్కర్ లాంటివాళ్లు భాషను తలకిందులు చేశారు. ఆమె ఆ దారిలో పూర్తిగా వెళ్లలేదు. భావకవిత్వపు మెత్తదనాన్ని వదలకుండానే కొత్త సంగతులు మాట్లాడారు. మన కృష్ణశాస్త్రిగారి పాటల చెవి ఉన్నవాళ్లకు ఆమె త్వరగా దగ్గరవుతారు.

ముఖ్యమైన పుస్తకాలు, అవార్డులు చెప్పండి.

"పాతిరాప్పూక్కళ్" (అర్ధరాత్రి పూలు) 1968లో కేరళ సాహిత్య అకాడమీ అవార్డు తెచ్చింది. "రాత్రిమళ"కు 1978లో కేంద్ర సాహిత్య అకాడమీ. "అంబలమణి" (గుడిగంట) మీద 1984లో వయలార్ అవార్డు. "తులావర్షప్పచ్చ", "రాధయెవిడె" 1990ల నాటివి. 2006లో "మణలెళుత్తు" (ఇసుకలో రాత) వచ్చింది, 2012 సరస్వతీ సమ్మాన్ దానికే. మలయాళం నుంచి అంతకుముందు ఆ సమ్మాన్ అందుకున్నది బాలామణి అమ్మ, అయ్యప్ప పణిక్కర్. 2006లో పద్మశ్రీ, 2009లో కేరళ ప్రభుత్వ ఎళుత్తచ్ఛన్ పురస్కారం. కేంద్రం ఇచ్చే ఇందిరా ప్రియదర్శిని వృక్షమిత్ర అవార్డు కూడా ఉంది.

జ్ఞానపీఠ్ వచ్చిందా?

రాలేదు. మలయాళానికి జి. శంకర కురుప్ నుంచి అక్కిత్తం దాకా ఆరుసార్లు జ్ఞానపీఠ్ వచ్చింది, ఆరుగురూ మగవాళ్లే. బాలామణి అమ్మకూ ఇవ్వలేదు, సుగతకుమారికీ ఇవ్వలేదు. ఇది ఆమె లోటు కాదు, ఇచ్చేవాళ్ల లోటు.

## సైలెంట్ వ్యాలీ, చెట్ల గొడవ

సైలెంట్ వ్యాలీ గొడవేంటి అసలు?

పాలక్కాడ్ జిల్లాలో, నీలగిరి కొండల అంచున ఉన్న వర్షారణ్యం ఇది. స్థానికంగా సైరంధ్రీవనం అంటారు. లోపల పారే నది కుంతిపుళ. విరాటపర్వం తెలిసిన మనకు ఆ పేర్లు కొత్త కాదు. సైరంధ్రి అనే చోట ఆ నది మీద ఆనకట్ట కట్టి కరెంటు తీయాలని రాష్ట్ర విద్యుత్ బోర్డు ప్రతిపాదించింది. 1973లో ప్రణాళికా సంఘం ఒప్పుకుంది. కడితే సుమారు 830 హెక్టార్ల అడవి మునుగుతుంది. సింహపు తోక కోతులు ఉండే అరుదైన చోట్లలో అదొకటి.

ఇంకోవైపు వాదన కూడా తీసిపారేయదగ్గది కాదు. ఉత్తర కేరళ వెనకబడి ఉంది, కరెంటు లేదు, పరిశ్రమల్లేవు, ఉద్యోగాల్లేవు. కోతుల కోసం మనుషుల్ని చీకట్లో ఉంచుతారా అని అడిగినవాళ్లలో పార్టీలున్నాయి, కార్మిక సంఘాలున్నాయి. ఈ ప్రశ్నకు జవాబు చెప్పాల్సిన చోటే కవులు నిలబడ్డారు.

ఆమె కవిత రాస్తే డ్యామ్ ఆగిపోయిందా?

ఒక్క కవితతో ఏ డ్యామూ ఆగదు. సైన్సును జనంలోకి తీసుకెళ్లే సంస్థ కేరళ శాస్త్ర సాహిత్య పరిషత్ లెక్కలు తీసి ఊరూరా చెప్పింది. సలీం అలీ లాంటి శాస్త్రవేత్తలు మాట్లాడారు. ఎం.ఎస్. స్వామినాథన్ అడవిని చూసి ప్రాజెక్టు వద్దన్నారు. ఎం.జి.కె. మీనన్ కమిటీ పరిశీలించింది. చివరి మాట ఇందిరా గాంధీది. 1983లో ప్రాజెక్టు వదిలేశారు, 1984 నవంబరులో నేషనల్ పార్కుగా ప్రకటించారు, 1985 సెప్టెంబరు 7న రాజీవ్ గాంధీ ప్రారంభించారు.

మరి కవులు చేసిందేమిటి? లెక్కలు అర్థంకాని మామూలు జనానికి ఆ అడవి తమదని అనిపించేలా చేశారు. ఎన్.వి. కృష్ణవారియర్ పెద్దగా ఉండగా ప్రకృతి సంరక్షణ సమితి ఏర్పడింది, సుగతకుమారి దానికి కార్యదర్శి. ఓ.ఎన్.వి. కురుప్, అయ్యప్ప పణిక్కర్, కడమ్మనిట్ట, విష్ణునారాయణన్ నంబూద్రి, ఇలా ఒకరితో ఒకరికి కవిత్వంలో పొసగనివాళ్లంతా ఒక వేదిక మీదికి వచ్చి అడవి కవితలు చదివారు. ఆ కవితలతో "వనపర్వం" అనే సంకలనం కూడా వచ్చింది. సుగతకుమారి "మరత్తిను స్తుతి" (చెట్టుకు స్తుతి) సభల్లో ప్రార్థనా గీతంలా అయిపోయింది. లోకం విషం తాను మింగి మనకు ఊపిరిచ్చే చెట్టును ఆమె నీలకంఠుడిగా చూస్తారు. గాలి శుభ్రం చేయడం గురించి పాఠ్యపుస్తకం చెప్పేదీ అదే, కానీ పాఠ్యపుస్తకాన్ని ఎవరూ పాడుకోరు కదా.

ఆమెను ఎగతాళి చేసేవాళ్లట, నిజమేనా?

నిజమే. "మరకవులు" అనేవాళ్లు. మలయాళంలో మరం అంటే చెట్టు. చెట్ల మీద కవిత్వం రాసేవాళ్లని ఒక అర్థం, కొయ్యబారిన కవులని ఇంకో అర్థం. అభివృద్ధికి అడ్డమని, పనీపాటా లేనివాళ్లని కూడా అన్నారు. ఆమె వెనక్కి తగ్గలేదు.

సైలెంట్ వ్యాలీ తర్వాత పర్యావరణం వదిలేశారా?

లేదు. అట్టప్పాడిలో చెట్లు కొట్టేసి బోడిగా మిగిలిన కొండ మీద, స్థానిక ఆదివాసులతో కలిసి మళ్లీ అడవి పెంచే పని మొదలుపెట్టారు. దాని పేరు కృష్ణవనం. నాకు ఇది సైలెంట్ వ్యాలీ కంటే ఆసక్తికరం. ఉన్న అడవిని కొట్టొద్దనడం ఒక ఎత్తు, లేని అడవిని మొలిపించడం ఇంకో ఎత్తు. నీళ్లు మోయాలి, పశువులు మేయకుండా చూడాలి, వేసవిలో నిప్పు అంటుకోకుండా కాపలా కాయాలి.

అదిరప్పిళ్ళి జలపాతం దగ్గర జలవిద్యుత్ ప్రాజెక్టును వ్యతిరేకించారు. ఎనభై ఏళ్ల వయసులో సొంత ఊరు ఆరన్ముళలో పొలాలు పూడ్చి ప్రైవేటు విమానాశ్రయం కట్టాలన్న ప్రతిపాదనకు ఎదురు నిలిచారు. సీపీఎం, బీజేపీ నాయకులు ఒకే పందిరి కింద కూర్చున్న అరుదైన ఉద్యమం అది. 2014లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆ ప్రాజెక్టు పర్యావరణ అనుమతి కొట్టేసింది.

## అభయ, ఆడవాళ్ల పని

అభయ ఎలా మొదలైంది?

తిరువనంతపురంలో ఊళంపార అనే చోట ప్రభుత్వ మానసిక చికిత్సాలయం ఉంది. 1985లో ఆమె అక్కడికి వెళ్లారు. లోపల ఆడవాళ్లు ఒంటి మీద సరైన బట్టల్లేకుండా, ఆకలితో, గదుల్లో తాళాల వెనక ఉన్నారు. జబ్బు నయమైనా తీసుకెళ్లడానికి ఎవరూ రాక ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోయినవాళ్లు ఉన్నారు.

చూసి రాసి ఊరుకోలేదు. పత్రికల్లో రాశారు, రోడ్డెక్కారు, అధికారుల గుమ్మాలెక్కారు. రోగుల దగ్గరికి బయటి మనుషులు వెళ్లేలా, తిండి, బట్ట, వైద్యం మెరుగయ్యేలా పట్టుబట్టారు. నయమైనవాళ్లు ఎక్కడికి పోవాలి అన్న ప్రశ్నకు జవాబుగా పుట్టింది అభయ. డ్యామ్‌కు వ్యతిరేకంగా ఊరేగింపు తీయడానికి జనం వస్తారు. ఇంట్లోవాళ్లే వదిలేసిన పిచ్చిమనిషికి అన్నం పెట్టడానికి రోజూ ఎవరొస్తారు? ఆమె ఆ రెండో పని ముప్పై అయిదేళ్లు చేశారు.

అభయలో ఏమేం ఉంటాయి?

మానసిక రోగుల పునరావాసం, మద్యం, మత్తుమందుల నుంచి బయటపడేవాళ్లకు చికిత్స, ఇంట్లోంచి గెంటేసిన ఆడవాళ్లకు, అత్యాచారానికి గురైన ఆడపిల్లలకు ఆశ్రయం. ఆడవాళ్లకు తాత్కాలిక నివాసం పేరు "అత్తాణి". నగరానికి దగ్గర్లో మలయిన్‌కీళు వైపు పదెకరాల్లో అభయగ్రామం ఉంది. దానికి 1992లో దలైలామా శంకుస్థాపన చేశారు.

అభయ కేసు అని వార్తల్లో వచ్చింది, దానికీ ఈ సంస్థకూ సంబంధం ఉందా?

ఏ సంబంధమూ లేదు. అది 1992లో కొట్టాయంలో ఒక కాన్వెంటు బావిలో శవమై దొరికిన సిస్టర్ అభయ కేసు. గూగుల్‌లో "కేరళ అభయ" అని కొడితే రెండూ కలిసి వస్తాయి, దాంతో ఈ గందరగోళం. పైగా కాకతాళీయంగా, ఆ కేసులో సీబీఐ కోర్టు శిక్షలు ప్రకటించిన రోజూ, సుగతకుమారి చనిపోయిన రోజూ ఒకటే: 2020 డిసెంబరు 23. ఆ రోజు మలయాళ చానళ్లలో రెండు వార్తలూ పక్కపక్కనే నడిచాయి.

మహిళా కమిషన్ అధ్యక్షురాలిగా ఏం చేశారు?

1996లో కేరళ మహిళా కమిషన్ ఏర్పడింది, 2001 వరకు ఆమె తొలి అధ్యక్షురాలు. కమిషన్ ఏర్పడిన 1996లోనే సూర్యనెల్లి కేసు రాష్ట్రాన్ని కుదిపేసింది. ఒక స్కూలు పిల్లను రోజుల తరబడి ఊళ్లు తిప్పి అత్యాచారం చేసిన కేసు అది. కొత్త కమిషన్‌కు అలవాట్లు లేవు, పూర్వం నడిచిన దారి లేదు. ఫిర్యాదు చేసిన ఆడవాళ్లు చెప్పేది విని, వాళ్ల తరఫున పోలీసుల మీద ఒత్తిడి తేవడం నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది. ఆ కాలంలో రాసిన "పెణ్‌కుంజు తొణ్ణూఱుకళిల్" (తొంభైల్లో ఆడశిశువు) కవిత చదివితే ఆమెకు ఏం తగిలిందో తెలుస్తుంది.

పిల్లల కోసం కూడా పనిచేశారా?

చేశారు. తిరువనంతపురం జవహర్ బాలభవన్‌కు ప్రిన్సిపాల్‌గా ఉన్నారు. కేరళ బాలసాహిత్య సంస్థ తెచ్చే "తళిరు" అనే పిల్లల పత్రికకు సంపాదకత్వం వహించారు.

## చివరి రోజులు, ఆ తర్వాత

ఆమె మీద విమర్శలే లేవా? అందరూ పొగడటమే కనిపిస్తోంది.

ఉన్నాయి, వాటిలో కొన్ని న్యాయమైనవే. కేరళకు పని కోసం వచ్చే బయటి రాష్ట్రాల కూలీల వల్ల అక్కడి సంస్కృతికి ముప్పు అన్న అర్థంలో ఆమె అన్న మాటల మీద పెద్ద దుమారం లేచింది. తర్వాత వివరణ ఇచ్చుకున్నారు. అయినా ఆ మాట ఆమె నోట రావాల్సింది కాదని నా అభిప్రాయం, ఎందుకంటే ఆ కూలీలూ దిక్కులేని మనుషులే. వయసు మళ్లాక హిందూ సంస్థల సభలకు వెళ్లారని వామపక్షం వాళ్లు తప్పుపట్టారు. అంతకుముందు అడవి విషయంలో అదే వామపక్షం ఆమెను అభివృద్ధి విరోధి అంది. ఏ పార్టీ చట్రంలోనూ ఇమడని మనిషికి ఈ తిట్లు తప్పవు.

ఎప్పుడు, ఎలా చనిపోయారు?

2020 డిసెంబరు 23న, తిరువనంతపురం ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో, కరోనాతో. అప్పటికి 86 ఏళ్లు. కరోనా నిబంధనల మధ్య తైక్కాడు శాంతికవాడం శ్మశానంలో దహనం చేశారు.

శవం మీద పూలు వద్దన్నారట?

అవును. చనిపోయాక తన మీద పూలూ పుష్పగుచ్ఛాలూ పెట్టొద్దని, సంతాప సభలు, ఆర్భాటాలు వద్దని ముందే చెప్పారు. బతికున్నప్పుడు కాస్త ప్రేమ చూపిస్తే చాలన్నది ఆమె మాట. స్మారకం కట్టొద్దని, ఒక మర్రిమొక్క నాటితే చాలని కోరారు.

తిరువనంతపురం వెళ్తే ఆమె ఇల్లు చూడొచ్చా?

నందావనంలో ఆమె ఉన్న ఇంటి పేరు "వరద". ఆమె పోయాక దాన్ని అమ్మేశారన్న వార్త వచ్చి, స్మారకంగా ఉంచాల్సింది కదా అని సాహిత్యకారులు బాధపడ్డారు. కాబట్టి ఆ ఇంటి కోసం ప్లాన్ వేసుకోకండి. సమయం ఉంటే ఆరన్ముళ వెళ్లండి, చెంగన్నూరు స్టేషన్‌లో దిగితే దగ్గర. సైలెంట్ వ్యాలీ చూడాలంటే పాలక్కాడ్ జిల్లా మన్నార్కాడ్ మీదుగా ముక్కాలి చేరాలి, అక్కడి నుంచి అటవీశాఖ జీపులోనే లోపలికి తీసుకెళ్తారు.

నాకు మలయాళం రాదు. ఆమె కవిత్వం ఎలా చదవాలి?

చదవడానికి ముందు వినండి. ఆమె సొంత గొంతుతో చదివిన కవితలు యూట్యూబ్‌లో దొరుకుతాయి. నాటకీయత ఉండదు, సాగదీసిన రాగం ఉండదు, అమ్మమ్మ పక్కన కూర్చుని చెబుతున్నట్టు ఉంటుంది. మలయాళంలో సంస్కృత పదాలు ఎక్కువ కాబట్టి రెండు మూడుసార్లు వింటే తెలుగు చెవికి సగం మాటలు అందుతాయి. ఆ తర్వాత ఇంగ్లీషు అనువాదం పక్కన పెట్టుకుని, "రాత్రిమళ"తో మొదలుపెట్టండి. చిన్న కవిత, మాటలు తేలిక, కూర్చున్న చోటే పూర్తవుతుంది. మలయాళ లిపి నేర్చుకునే ఓపిక ఉంటే ఇంకా మంచిది, తమిళం కొంచెం వచ్చినవాళ్లకు అదేం కష్టం కాదు.